ఒకే కీబోర్డు, రెండు కార్లు

బాబీ ఆఖరి మర ఊడదీసి పక్క రేకు లాగేసరికి కంప్యూటరు కడుపులోంచి గుప్పున వచ్చిన వాసన మహేశ్వరికి బాగా తెలిసిన వాసన. పైపైన దుమ్మూ, వేడెక్కి చల్లారిన ప్లాస్టిక్కూ, వాటి వెనకాల సన్నగా అగరొత్తి, దానికీ వెనకాల వెల్లుల్లి పోపు, అన్నీ కలిసి గాజువాకలో తమ ఒంటిగది వాటా మొత్తం వచ్చి ఈ కొట్లో బల్ల మీద కూర్చున్నట్టయింది. ఇంట్లో ఉన్నంతసేపూ ఇంటికొక వాసన ఉందని తెలియలేదు, కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఓ ఇరుకు కొట్లో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుంటే తెలిసింది, అయితే నాకో ఇల్లుంది, దానికో వాసనుంది అనుకుంది, అనుకోగానే ముసిముసిగా నవ్వొచ్చింది, బాబీ చూస్తాడేమోనని కొంగుతో ముక్కు తుడుచుకున్నట్టు నటించింది. మరి ఆ కంప్యూటరు ఉండేది దేవుడి గూటి కిందే, పొయ్యికి ఎదురుగానే, ఇంకెక్కడ పెడతారు ఒక్క గదిలో. దుర్గారావు ఉక్కు ఫ్యాక్టరీలో వైర్ రాడ్ మిల్లులో క్రేను నడపడానికి చేరిన కొత్తలో మోజుపడి కొనుక్కున్నాడట, అంటే ఆ ఇంటికి అది తనకంటే ముందొచ్చింది, వరసకి పెద్దది, అందుకే కాబోలు తను కాపురానికి వచ్చిన కొత్తలో దాన్ని తుడిచేటప్పుడు కూడా కొంచెం మర్యాదగానే తుడిచేది. మొన్న సాయంత్రం దాని మొహం మీద పచ్చటి చారలు లేచాయి, చారలు చారలుగానే కాసేపు వణికాయి, ఆ తర్వాత అంతా చీకటి, మానిటరు కింద చిన్న దీపం మాత్రం ఆరుతూ వెలుగుతూ కన్నుకొడుతూ ఉండిపోయింది. డిస్‌ప్లే కార్డు పోయుంటుంది అన్నాడు దుర్గారావు. అతను అలా అన్నప్పుడు అతని మొహంలో ఏముందో చూద్దామని చూసింది, ఏమీ లేదు, అతని మొహంలో ఎప్పుడూ ఏమీ ఉండదు, అదే కదా గొడవ.

గొడవంటే గొడవ కాదు, మూడు నెలల పెళ్ళిలో, అందులో ఒక నెల ఆషాఢం పేరు చెప్పి భీమిలిలో అమ్మ దగ్గరే గడిచిపోయిన పెళ్ళిలో, గొడవలకి టైమెక్కడిది. పొద్దున్న బస్సులో కంప్యూటరుని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే కండక్టరు వచ్చి, "అదేటమ్మా, టీవీయా?" అన్నాడు. కంప్యూటరండీ అంది. "అయితే లగేజీ టిక్కెట్టు తియ్యాల." తను పర్సు తెరవబోతుంటే పక్క సీట్లో ముసలావిడ, ఎవరో ఏ ఊరో తెలియదు, కండక్టరు మీదకి లేచింది. "ఒల్లో ఉన్నోటికి టిక్కెట్టేటి? సంటిపిల్లలకి తీస్తన్నావేటి నువ్వు?" అంది. బస్సంతా నవ్వింది, కండక్టరు కూడా నవ్వి ముందుకెళ్ళిపోయాడు, ఆవిడ మాత్రం నవ్వకుండా దుప్పటి అంచు సర్ది, గాలి తగలనియ్యకు అంది. మహేశ్వరికి చెవులు ఎర్రబడిపోయాయి, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాటేదాకా తల ఎత్తలేదు, దాటాక మెల్లిగా దుప్పటిని ఇంకొంచెం దగ్గరకి లాక్కుంది, గతుకు వచ్చినప్పుడల్లా లోపల ఏదో చిన్నగా గలగలమంటుంటే ఊరుకో ఊరుకో అని కూడా అంది కాబోలు.

"చెల్లెమ్మా, ఇలగ సూడు," అన్నాడు బాబీ. అతనూ దుర్గారావూ జాలారిపేటలో పక్కపక్క ఇళ్ళవాళ్ళు, చిన్నప్పటి నుంచీ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు, ఆ లెక్కన మహేశ్వరి పెళ్ళయిన రోజే అతనికి చెల్లెలైపోయింది. చేతిలో ఆకుపచ్చటి రేకులాంటి కార్డు, దాని మధ్యలో రూపాయి బిళ్ళంత ఫ్యాను. ఆ ఫ్యాను రెక్కల సందులో ఏదో ఇరుక్కుని ఉంది, బాబీ సూదిలాంటి పనిముట్టుతో దాన్ని పైకి లేపాడు.

"ఏటది అన్నయ్యా?"

"అచ్చింతలు."

పసుపు అద్దిన బియ్యపు గింజ. ఒక్కటంటే ఒక్కటి. మహేశ్వరి దాన్ని అరచేతిలో వేసుకుని చూసింది, పసుపు ఇంకా వెలిసిపోలేదు, అది ఎప్పటిదో కూడా వెంటనే తెలిసిపోయింది. కాపురం పెట్టిన రోజున ఆ ఒంటిగదిలో కుర్చీలు వేయడానికి చోటు లేక ఇద్దరినీ కంప్యూటరు బల్లకి వీపు పెట్టి కూర్చోబెట్టారు, దుర్గారావు పెద్దమ్మ చిట్టమ్మ వంతు వచ్చింది, చిట్టమ్మ అంటే ఒడ్డున నిలబడి వల లాగిన చెయ్యి, ఆవిడ గుప్పెడు అక్షింతలు తీసి చేపలకి వల విసిరినట్టు విసిరింది. కళ్ళల్లో పడ్డాయి, చెవుల్లో పడ్డాయి, జాకెట్టులో పడ్డవి మర్నాటిదాకా దొరుకుతూనే ఉన్నాయి, ఇదొకటి మాత్రం వెనకాల కంప్యూటరు చిల్లుల్లోంచి దూరిపోయి, ఇన్నాళ్ళూ ఏ మూలో తిరిగి తిరిగి, చివరికి ఫ్యాను రెక్కల మధ్య కూర్చుంది. ఫ్యాను ఆగిపోయింది, కార్డు కాలిపోయింది.

"పెద్దమ్మ దీవెన గట్టిగానే తగిలినాది," అన్నాడు బాబీ. "మనుసులకి తగలాల్సింది మిసనుకి తగిలీసింది. ఇది మరి లెగదు."

ఆ తర్వాత అతను బీరువాలోంచి రెండు అట్టపెట్టెలు తీసి బల్ల మీద పెట్టాడు. బోర్డు పాతదట, అందులో పట్టేది ఏజీపీ కార్డేనట, ఇప్పుడొచ్చేవన్నీ వేరే రకం, ఇందులో దిగవు, తన దగ్గర ఉన్నవి ఈ రెండే, డాబాగార్డెన్స్ అంతా తిరిగినా ఇంకోటి దొరకడం కష్టమేనట. ఒకటి చిన్నది, ఫ్యాను కూడా లేదు, బోసిగా, నెత్తల్లు చేపలా బక్కగా ఉంది. "బొమ్మ వస్తాది. టైపు కొట్టుకోవచ్చు, సినిమా సీడీ సూసుకోవచ్చు, నీకు సదువుంది కాబట్టి ఏ ఆపీసు పనో తెచ్చుకుని సేసుకోవచ్చు. ఆటలు మాత్రం దీన్ని అడక్కు," అన్నాడు. రెండోది పెద్దది, రాగి రంగు రెక్కల ఫ్యానూ, వీపు మీద అడ్డంగా మెరిసే గీతలూ, ఎండలో తీసిన కోనెం చేపలా నిగనిగలాడుతోంది. "ఇది పరిగెట్టిస్తాది. కాపోతే కరెంటు ఎక్కువ తింటాది, మీ పాత కరెంటు డబ్బా, అదే ఎస్‌ఎంపీఎస్, దీన్ని లాగుతాదో లేదో పెట్టి సూస్తే గానీ తెలవదు. ఇంకోటి, మర్రిపాలెంలో గేమ్ సెంటర్ ఉన్న గవర్రాజు దీనికోసం వస్తానన్నాడు, ఈపూటే. ఆడు రాకముందు నువ్వు ఏదో ఒకటి అనీ."

ధరలో తేడా ఉంది గానీ, పొద్దుటి ‘ఏ’ షిఫ్టుకి వెళ్తూ వెళ్తూ చీకటి వేళ సైకిలు స్టాండు తీస్తూ దుర్గారావు ఆ సంగతి ముందే చెప్పేశాడు, డబ్బు గురించి ఆలోచించకు, నీకు ఏది నచ్చితే అది తీసుకో, నీ ఇష్టం. షిఫ్టు దిగి అటునుంచి అటే బాబీ కొట్టుకి వస్తానన్నాడు. అతని ఫోను ఇప్పుడు లాకర్లో ఉంటుంది, అతను ఎక్కడో ఆకాశంలో క్రేను గదిలో కూర్చుని కాలుతున్న ఇనుప చుట్టలని ఇటునుంచి అటు పెడుతూ ఉంటాడు. నీ ఇష్టం. మహేశ్వరి రెండు అట్టపెట్టెలనీ చూసింది, పెద్దదాన్ని చూసిన కన్ను చిన్నదాని మీదకి పోనంటోంది, దాన్ని బలవంతాన మళ్ళించి గోడ మీద క్యాలెండరుకి అతికించింది.

నీ ఇష్టం. ఈ మాటకి ఒక డబ్బా పెట్టి, అన్నప్పుడల్లా అందులో ఒక గింజ వేసుకుంటూ పోతే ఈపాటికి డబ్బా నిండేది. ఏ కూర వండను అంటే నీ ఇష్టం, ఏ సినిమాకి వెళ్దాం అంటే మీ ఇష్టం, ఒక ఆదివారం బస్‌స్టాపులో నిలబడి బీచికా సింహాచలమా అని మొదలుపెట్టి నీ ఇష్టం, లేదు మీ ఇష్టం అనుకుంటూ ఉంటే బీచికి వెళ్ళే బస్సూ పోయింది, సింహాచలం బస్సూ పోయింది, ఇద్దరూ వేరుశనక్కాయలు కొనుక్కుని ఇంటికొచ్చేశారు, ఆ నడక మాత్రం ఎంత బాగుందో. కిటికీకి కర్టెను కొనడానికి వెళ్ళినప్పుడైతే షాపువాడు విసిగిపోయి ఒక ఆవపిండి రంగు గుడ్డ తీసి, ఇది తీసుకెళ్ళండి సార్, మంచిది అన్నాడు, అలా వాడి ఇష్టమే గెలిచింది, ఇప్పుడు రోజూ పొద్దున్న లేవగానే ఎదురుగా ఆవపిండి రంగు. ఆమెకి ఆ రంగు గిట్టదు, అతనికి గిట్టుతుందో గిట్టదో తెలియదు. ఇంకా ఫ్యాను సంగతి, రాత్రిపూట పైన ఫ్యాను ఐదులో తిరుగుతుంటే ఆమెకి చలి, అతనికి ఐదే ఇష్టమేమోనని దుప్పటి చెవుల దాకా లాక్కుని పడుకుంటుంది, మొన్న తెల్లారుజామున మెలకువ వచ్చి చూస్తే అతను కూడా తలదాకా దుప్పటి కప్పుకుని ఉన్నాడు. అప్పుడు అనుమానం రావాలి కదా, రాలేదు, పాపం అలిసిపోయాడు అనుకుంది.

ఇదంతా అమ్మ కాసులమ్మ పెంపకమే. కాసులమ్మ భీమిలి ఒడ్డున వేలం పాటలో చేపలు కొనేది, అమ్మేది, చిన్నప్పుడు సెలవులొస్తే మహేశ్వరి ఆవిడ వెనకాలే. పడవ ఒడ్డుకి రాగానే అందరూ బుట్టల చుట్టూ మూగితే కాసులమ్మ మాత్రం పక్కకి తిరిగి ఎవరితోనో కోడలి పురుడు గురించి మాట్లాడుతూ ఉండేది, మధ్యలో ఒక్కసారి కాలితో బుట్ట జరిపినట్టు జరిపి చేప చెవి ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూసేది, మళ్ళీ కోడలి పురుడు. నచ్చిన బుట్టని ఎప్పుడూ చివరికి అడిగేది, అదీ పోనీలే ఏటి సేస్తాం అన్నట్టు. "ఒలే గుంటా, నచ్చిందని మొకంలో కనపడనిచ్చేవంటే అక్కడికక్కడే ధర పెరిగిపోతాది," అనేది. మహేశ్వరి బీఎస్సీ కంప్యూటర్స్ చదివింది, కాలేజీ ల్యాబులో ప్రోగ్రాములు రాసింది, కానీ ఆ చదువు వెళ్ళనంత లోతుకి ఈ చదువు వెళ్ళి కూర్చుంది. పెళ్ళిచూపులకి దుర్గారావు వచ్చిన రోజున అమ్మ వెనక నుంచి గిల్లి మరీ చెప్పింది, పళ్ళు కనపడనియ్యకు అని. తను చెక్కబొమ్మలా కూర్చుంది. ఎదురుగా అతనూ చెక్కబొమ్మే. మరి అతని తల్లి నూకాలు జాలారిపేటలో అంతకి అంత, ఆవిడ కూడా కొడుక్కి అదే చెప్పి తెచ్చిందట. వాళ్ళు వెళ్ళిపోయాక ఇక్కడ అమ్మ, పిల్లోడికి నచ్చినట్టు లేదు అంది, అక్కడ నూకాలు అత్త, పిల్లకి ఇష్టం ఉన్నట్టు లేదు అందట, సంబంధం అక్కడే తప్పిపోయేది. సాయంత్రం నాన్న బయటికెళ్ళబోతూ చూసుకుంటే గుమ్మం దగ్గర ఒక చెప్పు తనది, ఒకటి కొత్తది, దుర్గారావు ఒక కాలికి తన చెప్పూ రెండో కాలికి మావగారి చెప్పూ వేసుకుని భీమిలి నుంచి జాలారిపేట దాకా వెళ్ళిపోయాడు. మొకం దాసుకున్నాడు గానీ కాళ్ళు దాసుకోలేకపోనాడు అని అమ్మ పడీ పడీ నవ్వింది, మర్నాడే తాంబూలాలు. అంత మొహమాటపు మొహాలు రెండింటిని తెచ్చి ఒక ఒంటిగదిలో పెడితే మరి ఏమవుతుంది, ఆవపిండి కర్టెను అవుతుంది.

ఆట లేకపోతే ఇంకా ఏమయ్యేదో. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం, అన్నాలు తినేశారు, మాటలు అయిపోయాయి, అసలు మొదలైతే కదా అయిపోవడానికి, అతను కంప్యూటరు పెట్టి ఏదో కార్ల పందెం ఆట తీశాడు, ఆడతావా అన్నాడు, మీ ఇష్టం అంది. కుర్చీ ఒక్కటే, దాని పక్కన బియ్యం డబ్బా వేసుకుని కూర్చున్నాడు, కీబోర్డు ఒక్కటే, ఎడమపక్క అక్షరాలు అతనివి, కుడిపక్క బాణాలు ఆమెవి, తెర పై సగంలో ఆమె ఎర్రకారు, కింది సగంలో అతని నీలం కారు. మొదటి మలుపులోనే తన కారు గోడకి గుద్దుకుంది, అయ్యో అంది, అతను బ్రేకు ఇటు అని ఆమె వేలు పట్టుకుని ఆ మీట మీద పెట్టాడు, వేలు అక్కడే ఉండిపోయింది, అతని వేలు కూడా కాసేపు. పాత కార్డు కాబట్టి మలుపుల్లో బొమ్మ ముక్కలు ముక్కలుగా ఆగి ఆగి కదిలేది, అయినా ఆ వారంలోనే ఆమె గెలవడం మొదలుపెట్టింది. అబ్బ, గెలవడం ఎంత బాగుంటుందో. ఆ కాసేపూ బిడియం గిడియం పోయి, తప్పుకోండి తప్పుకోండి, అయిపోయారు మీరు, అని గట్టిగా అరిచేది, పక్క వాటా వాళ్ళు గోడ తట్టేవాళ్ళు. ఆషాఢంలో భీమిలిలో ఉన్నప్పుడు మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని ఆమె కుడిచేతి వేళ్ళు తొడ మీద వాటంతటవే మలుపులు తిప్పేవి, శ్రావణంలో తిరిగొచ్చాక అతన్ని మళ్ళీ మొదటి రోజే ఓడించింది. రోజంతా చెక్కబొమ్మలే, ఆ ఒక్క గంట మాత్రం కాదు. కాబట్టి ఇందులో ఆలోచించడానికి ఏముంది, పెద్దదే.

పెద్దదే అనడానికి నోరు తెరిచేసరికి గూడ్సు బండి వచ్చింది. బొగ్గు వేగన్లు, కొట్టంతా సన్నగా అదురుతోంది, బల్ల మీద మరలు వాటంతటవే నడుస్తున్నాయి, బాబీ అలవాటుగా వాటిని చేత్తో కాపు కాశాడు. అది పోయేదాకా మాట వినపడదు, పోయాక అతనే ముందు అందుకున్నాడు.

"అవునుగానీ, ఈ కార్ల ఆట నీకు బావే నేర్పించాడా?"

"నేర్పించడమేటి, రోజూ నానే ఓడించీస్తాను," అంది మహేశ్వరి, ఆ గర్వంలో భీమిలి యాస దానంతటదే వచ్చేసింది.

బాబీ చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. "ఎవుల్ని? దుర్గారావునా?"

"మరెవుల్ని."

"ఈ ఆటలోనా?" బాబీ నవ్వడం మొదలుపెట్టాడు. "మా పేట నెట్ సెంటర్లో ఆడి పక్కన కూకోడానికే భయపడీవోరు చెల్లెమ్మా. గాజువాక నుంచి, పెందుర్తి నుంచి పందెం కట్టుకుని వచ్చి ఓడిపోయి ఎల్లిపోయీవోరు. ఈ ఆటలో ఆణ్ణి గెలిసినోడిని నాను సూడ్లేదు. అలాటిది నువ్వు," అని ఆమె మొహం చూసి, సగం నవ్వు మింగేసి, కింద ఏదో మర పడిపోయినట్టు బల్ల కిందకి దూరిపోయాడు. అక్కడ మర ఏదీ పడలేదు. "అంటే, నువ్వు కూడా బాగానే ఆడతావేమోలే," అని బల్ల కింద నుంచి వినపడింది.

ముందు కోపం వచ్చింది, దాని వెనకాలే నవ్వొచ్చింది, ఆ రెండూ పోయాక మిగిలింది మాత్రం కొంచెం బరువుగా ఉంది. గెలిచిన ఆటలన్నీ కళ్ళ ముందు వెనక్కి తిరగడం మొదలుపెట్టాయి. వంతెన దాటాక ఆఖరి మలుపు ఉంటుంది, ప్రతిసారీ అక్కడ అతని నీలం కారు కొంచెం వెడల్పుగా తిరిగి గోడకి రాసుకునేది, ప్రతిసారీ అక్కడే, ఛ అనేవాడు, ఆ ఛ కూడా ఎప్పుడూ ఒకేలా ఉండేది, వంట బాగుంది అనే మాటలాగ. రోజూ అదే గోడకి రాసుకునే మనిషి క్రేను ఎలా నడుపుతాడు, అదైనా ఆలోచించిందా తను. తప్పుకోండి, అయిపోయారు మీరు అని అరుస్తుంటే పక్కన కూర్చుని ఏమనుకునేవాడో. పాపం సరదా పడుతోంది, ఆడనీ అనుకునేవాడేమో. షిఫ్టు దిగి ఒళ్ళు హూనమై వచ్చి, ఇంకా ఈ ఆట ఎప్పుడవుతుందిరా అనుకుంటూ బియ్యం డబ్బా మీద కూర్చునేవాడేమో. అయితే ఆ గంట కూడా కర్టెను లాంటిదే. అక్కడొక్కచోటే అతను తనకి తెలుసనుకుంది, అక్కడా తెలియదన్న మాట. మహేశ్వరి చిన్న అట్టపెట్టె చేతిలోకి తీసుకుంది. ఫ్యాను లేదు, తిప్పలు లేవు, అక్షింతలు పడినా ఏమీ కాదు. ఆట రాదు కాబట్టి అతనికి ఓడిపోయే పని తప్పుతుంది. అతను కొట్టుకి వచ్చాక, ఆ చిన్నదే ఉందండీ, అది తీసుకున్నాను అంటే సరిపోతుంది, అతను సరే అంటాడు, అతని మొహంలో ఏమీ ఉండదు.

బాబీ బల్ల కింద నుంచి బయటికొచ్చి ఆమె చేతిలో చిన్న పెట్టె చూశాడు, పెద్దదాన్ని పక్కకి జరిపాడు, గవర్రాజు వస్తే ఇవ్వడానికి కాబోలు. ఆ జరపడం చూసేసరికి మహేశ్వరికి అమ్మ గుర్తొచ్చింది. పాటలో మంచి బుట్ట పక్కవాళ్ళ నెత్తికి ఎక్కుతున్నప్పుడు అమ్మ కాలి బొటనవేలు ఇసకలోకి దిగేది, ఎవరికీ కనపడేది కాదు గానీ తను కిందే కూర్చునేది కాబట్టి చూసేది. ఇప్పుడు చూసుకుంటే చెప్పు లోపల తన బొటనవేలు కూడా వంకర తిరిగి ఉంది. అవును మరి, అమ్మ మొహం దాచుకుంటే ఎదుట అమ్మేవాడు ఉండేవాడు, ధర తగ్గేది, దానికో అర్థం ఉంది. మా ఇంట్లో ఎవరు అమ్ముతున్నారు, ఎవరు కొంటున్నారు. ఉన్నదే ఇద్దరు, ఇద్దరూ కొనేవాళ్ళే, ఇద్దరూ పక్కకి తిరిగి నిలబడి ఎవరి కోడలి పురుడు గురించో మాట్లాడుతున్నారు, మధ్యలో బుట్ట అలాగే ఎండకి ఎండిపోతోంది. అతను ఓడిపోతున్నాడని నేను బాధపడుతున్నాను గానీ, ఐదులో తిరిగే ఫ్యాను కింద వణుకుతూ పడుకునేది ఎవరు. నేను నటిస్తే ప్రేమ, అతను నటిస్తే మోసమా. ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ నవ్వొచ్చింది, ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. అతనికి ఏది ఇష్టమో అతన్నే చెప్పనీ. ముందు నాకు ఏది ఇష్టమో అది ఎవరో ఒకరికి చెప్పాలి కదా, పోనీ బాబీకి చెప్తాను, నా గొంతులో ఆ మాట ఎలా ఉంటుందో నాకూ వినాలనుంది.

"అన్నయ్యా, అది జరపొద్దు," అంది. "నాకు అదే కావాల. సూసినకాడి నుంచీ నచ్చీసింది. నాకు ఆడాలనుంది."

బాబీ ఆమెని వింతగా చూశాడు. "కాసులమ్మ పిన్ని కూతురివేనా నువ్వు? ధర తేలకముందే ఇలగ నచ్చీసింది అని సెప్పీస్తే నాను మరి ఏటి తగ్గిస్తాను?"

"తగ్గించొద్దు."

"మీ అమ్మకి సెప్పీకు, నా కొట్టు మీదకి వస్తాది," అన్నాడు, అంటూనే పెట్టె విప్పేశాడు.

కార్డు బోర్డులో దిగడానికి కొంచెం మారాం చేసింది, రెండు బొటనవేళ్ళతో నొక్కితే టక్కున కూర్చుంది. ఎస్‌ఎంపీఎస్ నుంచి ఒక వైరు తెచ్చి దాని తోకకి తగిలించాడు. ఇప్పుడిది లాగకపోతే నాను సేసేది ఏటీ లేదు చెల్లెమ్మా, ముందే సెప్తన్నాను అని స్విచ్చి వేశాడు. ఫ్యాను కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది, గిర్రున తిరగడం మొదలుపెట్టింది, రాగి రెక్కలు కలిసిపోయి ఒక చక్రమైపోయాయి. తెర మీద వెలుగు. అక్షరాలు. తమ ఇంట్లో కనపడే నీలిరంగే, కానీ ఇంత నీలంగా ఉండేదని ఆమెకి తెలియదు, ఎవరో సముద్రం మీద తెర తీసినట్టు. కార్డుకి కావలసినవేవో బాబీ సీడీలోంచి ఎక్కిస్తుంటే మహేశ్వరి తెర మీద తన మొహం నీడ చూసుకుంది, పళ్ళన్నీ కనపడుతున్నాయి.

దుర్గారావు వచ్చేసరికి ఆట తెరిచి ఉంది. మిల్లు నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, హెల్మెట్టు పెట్టిన గుర్తు జుట్టులో చుట్టూరా గుండ్రంగా, బరువైన బూట్లు, చేతిలో టిఫిను క్యారేజీ. తెర చూశాడు, ఆమెని చూశాడు.

"ఏది తీసుకున్నావు?"

"పెద్దది."

"నీకు నచ్చిందా?"

"చాలా," అంది మహేశ్వరి. "మీరు కూర్చోండి. ఒక ఆట ఆడదాం."

"ఇక్కడా? బాబీ కొట్లోనా?"

"కూకో బావా," అన్నాడు బాబీ, ఒక స్టూలు తోస్తూ, ఎటూ చూడకుండా. దుర్గారావు అతని మొహం వంక అనుమానంగా చూసి కూర్చున్నాడు.

ఎర్రకారు పైన, నీలం కారు కింద. అబ్బ, రోడ్డు ఎలా పారుతోందో, ఒక్కచోట ఆగడం లేదు, ముక్కలు లేవు, పక్కన చెట్లు నీళ్ళలా వెనక్కి పోతున్నాయి, వంతెన మీద దీపాల నీడలు కారు వీపు మీదుగా జారుతున్నాయి, ఇదంతా ఇన్నాళ్ళూ ఇందులోనే ఉందా, మాకు కనపడలేదా. ఆమె ఆ సంబరంలో రెండుసార్లు గోడకి గుద్దింది, అయినా నీలం కారు ఆమె పక్కనే, కొంచెం వెనకగా, బుద్ధిగా వస్తోంది. వంతెన దాటింది. ఆఖరి మలుపు. నీలం కారు వెడల్పుగా తిరిగి గోడకి రాసుకుంది. ఛ అన్నాడు దుర్గారావు.

మహేశ్వరి బాణాల మీద నుంచి చేతులు తీసేసి ఒళ్ళో పెట్టుకుంది. ఎర్రకారు గీతకి నాలుగడుగుల ముందు నిలబడిపోయింది. నీలం కారు కూడా ఆగింది, ఏం చెయ్యాలో తెలియక.

"ఏమైంది?" అన్నాడు.

"బాబీ అన్నయ్య మొత్తం సెప్పీసాడు."

దుర్గారావు బాబీ వంక చూశాడు. బాబీ పాత కార్డు ఫ్యానుని బ్రష్షుతో మహా శ్రద్ధగా తుడుస్తున్నాడు, కాలిపోయినదాన్ని.

"అది కాదు మహేశ్వరీ, నువ్వు గెలిస్తే బాగుంటావని," అన్నాడు దుర్గారావు, చెవులు ఎర్రబడుతుండగా. "నువ్వు ఆ టైములోనే గట్టిగా మాట్లాడతావు."

ఇది ఆమె అనుకోలేదు. ఆ మాటని తిరగేసి చూసుకుంది, ఇంటికెళ్ళాక ఇంకా చూసుకోవచ్చని పక్కన పెట్టింది. "మీకు ఈ ఆట ఇష్టమా, కాదా? నీ ఇష్టం అని మాత్రం అనొద్దు."

అతను కీబోర్డు మీద తన వైపు అక్షరాలని వేలితో ఒకసారి నిమిరాడు. "ఇష్టమే," అన్నాడు చాలా చిన్నగా, అదేదో అడక్కూడని కోరికలాగ.

"అయితే ఆడండి. ఆ గోడకి మళ్ళీ రాసుకున్నారంటే చూడండి."

రెండో ఆట మొదలైంది. మొదటి మలుపులోనే నీలం కారు ఆమె ముక్కు కింద నుంచి కోసుకుంటూ పోయింది, అది మలుపు తిరిగిందా జారిందా కూడా తెలియలేదు. మహేశ్వరి పళ్ళు బిగించి తరిమింది, రోడ్డు ఎంత మెత్తగా పారుతోందో చూడడానికి కూడా తీరిక లేదు, వంతెన రాకముందే అతను వంతెన దాటిపోయాడు. పక్కన అతను మారిపోయాడు. క్రేను గదిలో ఇలాగే ఉంటాడేమో, మెడ ముందుకి చాచి, కారుతోపాటు ఒళ్ళంతా వంగుతూ, కింది పెదవి పంటి కింద, ఆమె పక్కన ఉన్న సంగతే మర్చిపోయి. పెద్ద మలుపులో అతని మోచెయ్యి వచ్చి ఆమె డొక్కలో గుచ్చుకుంది. "జరుగవే," అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండా, "అడ్డొస్తన్నావు."

మహేశ్వరి జరగలేదు. ఆఖరి మలుపులో నీలం కారు గోడకి జానెడు దూరంలోంచి, అస్సలు తగలకుండా, వెన్నలో చాకులా తిరిగి గీత దాటింది. ఎర్రకారు ఇంకా వంతెన ఎక్కుతూనే ఉంది. ఓడిపోయింది, ఘోరంగా ఓడిపోయింది, నవ్వు ఆగక కీబోర్డు మీదకి వాలిపోయింది, ఏవో మీటలు నొక్కుకుపోయి ఎర్రకారు తనంతట తనే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. దుర్గారావు ఆమె చెయ్యి పక్కకి తోశాడు, మళ్ళీ మొదటి గీత మీదకి తెచ్చాడు రెండు కార్లనీ.

"ఇంకోటి," అన్నాడు, ఆమెని అడక్కుండానే.